ముఖ్య అతిథి ఇంకా రాలేదు

సిరిసిల్ల,
23 ఫిబ్రవరి 2026

చెల్లె కృపారాణికి,

ప్రభువు కృప వలన ఇక్కడ నేను, మీ వదిన సంగీత క్షేమం. ఈ రోజుల్లో ఉత్తరమేమిటని కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. భస్మ బుధవారం ఆరాధనలో అందరి ముందు లేచి నిలబడి, ఈస్టర్ దాకా ఈ నలభై రోజులు ఫోను ముట్టనని తీర్మానం చేశాను. కొందరు మాంసం మానేస్తారు, కొందరు చాయ్ మానేస్తారు. ఫోను మానేసినవాడు మన సంఘంలో నేనొక్కడినే. మన ఫ్లెక్సీ దుకాణం ముందు ‘నలభై దినముల ఫోను ఉపవాసం, సంఘ కార్యదర్శి దేవేందర్’ అని ఆరడుగుల ఫ్లెక్సీ కట్టాను. గొప్ప కోసం కాదు, గిరాకీలు ఊరికే ఫోన్లు చేసి తిప్పలు పడొద్దని. అర్జెంటు మెసేజీలు సంగీత చదివి వినిపిస్తుంది. వినడం ముట్టడం కిందికి రాదని పాస్టర్ గారిని అడిగి ఖాయం చేసుకున్నాను.

అసలు విషయం. ఏప్రిల్ 5న ఈస్టర్. ఈసారి నాటకంలో ప్రభువు సమాధి పోయినేటికంటే పెద్దది. థర్మాకోల్‌తో ఎనిమిదడుగులు, రాయి దొర్లడానికి కింద చక్రాలు. ముఖ్య అతిథిగా ఒక పెద్దమనిషి వస్తానన్నారు. నా మేనకోడలు రచన ఈసారి పెద్ద దేవదూత. రెక్కలు హైదరాబాద్ నుంచి తెప్పిస్తున్నాను. శనివారానికే మీరంతా రావాలి. వేణు బావ మోటార్ల వైండింగ్ పని ఉందంటే ఒప్పుకోను. మోటార్లు రోజూ కాలుతాయి, ప్రభువు ఏడాదికి ఒక్కసారే లేస్తాడు.

ఇట్లు, మీ క్షేమం కోరే అన్న,
దేవేందర్,
సంఘ కార్యదర్శి


కోరుట్ల,
2 మార్చి 2026

అన్నా,

నీ ఉత్తరం చేతిలో పెడుతూ పోస్టుమ్యాన్ సాయన్న “అక్కా, ఎవలన్న పోయిండ్రా?” అని మెల్లగా అడిగాడు. బ్యాంకు నోటీసులు తప్ప చేతిరాత చూసి ఏళ్లయిందట పాపం. మా అన్న ఫోను ఉపవాసం ఉన్నాడని చెప్తే, “మంచిదే, గట్ల నలుగురు ఉంటె మా కొలువులు నిలవడుతయి” అన్నాడు.

వదినకు ఫోన్ చేసి, నువ్వే చెప్పరాదా అంటే, “నన్ను నడుమ పెట్టకు కృపా. నువ్వు ఉత్తరం రాయకుంటె మీ అన్న ఉపవాసం లెక్కల పడదట” అంది. అందుకే రాస్తున్నాను.

ఈస్టర్‌కు మేము రావడం లేదు అన్నా. ఇంట్లోనే చేసుకుంటాం. నా అంగన్‌వాడీలో ఆయాగా చేసే రాధ, పక్కింట్లో బీడీలు చేసే నీల, వాళ్ల పిల్లలు, మా ఇద్దరు పిల్లలు. పొద్దున్నే ఒక పాట, గుడ్లు, గుడాలు, తర్వాత పిల్లల ఆటలు. అంతే.

మేడిపల్లిలో మన అవ్వ ఎట్లా చేసేదో యాదికుందా? మూడు రోజుల ముందు నుంచే మనిద్దరితో నాయిన సమాధికి సున్నం వేయించేది. ఈస్టర్ నాడు ఇంకా వెలుగు రాకముందే బంతిపూలు, కొవ్వొత్తులు పట్టుకుని పోయేవాళ్లం. ఒక పాట పాడి, ఇంటికొచ్చి బొబ్బెర్లు ఉడకబెట్టి గుడాలు పెట్టేది. తాను రెండు పిడికిళ్లు కొంగులో కట్టుకుని నాట్లకు... కాదులే, ఎండాకాలం కదా, పసుపు ఉడకబెట్టే కూలికి పోయేది. మైకు లేదు, స్టేజీ లేదు. ప్రభువు అప్పుడు కూడా టైముకే లేచాడు.

మేము రాకపోవడానికి కారణమేమీ లేదు. నువ్వేదో అనుకోకు. ఊరికే.

నీ చెల్లె
కృప


సిరిసిల్ల,
9 మార్చి 2026

కృపారాణికి,

నీ ఉత్తరంలో ఒక్క మాట దగ్గర నాకు ముద్ద దిగలేదు. ‘ఊరికే’. ఊరికే ఎవరూ ఏదీ చేయరు.

ఇంట్లో పాట, ఇంట్లో కూడిక, ఇంట్లో పది మంది. చెల్లె, లోకంలో ప్రతి కొత్త సంఘమూ ఇట్లాగే మొదలవుతుంది. మొదట ఇంట్లో పది మంది. తర్వాత వాకిట్లో రేకుల షెడ్డు. తర్వాత ఒక కీబోర్డు. ఆ తర్వాత బోర్డు. సిరిసిల్లలో ఒక్క గల్లీలోనే నాలుగు సంఘాలున్నాయి. నాలుగింటికీ బోర్డులు ప్రింట్ చేసింది నేనే, నాకు తెలియదా?

నీ ఉత్తరం కమిటీలో చదివి వినిపించాల్సి వచ్చింది. భూమేశ్ లేచి, “కార్యదర్శి చెల్లెనే సంఘం చీలుస్తె మనం బయటోల్లకు ఏం చెప్తం?” అన్నాడు. నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇది బావ వేణు ఆలోచనా, నీదా? అధ్యక్షత ఎవరిది? వాక్యం ఎవరు చెప్తారు? పాట ఎవరు ఎత్తుకుంటారు? కానుకలు ఎక్కడికి పోతాయి? రాతపూర్వకంగా తెలియజేయి.

నా మనసు అసలే బాగాలేదు. మంచి శుక్రవారం నాడు సిలువ మీది ఏడు మాటలను ఏడుగురికి పంచితే, నాకు ఐదో మాట వచ్చింది. ‘దప్పిగొనుచున్నాను.’ ఏడింటిలో అదే అన్నిటికంటే చిన్నది. భూమేశ్‌కేమో దొంగతో చెప్పిన పెద్ద మాట ఇచ్చారు. అయినా నేను నలభై నిమిషాలకు సరిపడా తయారు చేసుకున్నాను.

దేవేందర్,
సంఘ కార్యదర్శి,
ఈస్టర్ ఉత్సవ కమిటీ కన్వీనర్


కోరుట్ల,
14 మార్చి 2026

కార్యదర్శి గారికి,

మీ ప్రశ్నలకు కోరుట్ల సంఘం జవాబులివి. అధ్యక్షత మా చిన్నోడు నితిన్‌ది. నాలుగేళ్లు నిండాయి, ఆ టైముకు నిద్రపోకుంటే తప్పక వహిస్తాడు. వాక్యం ఎవరూ చెప్పరు, అందుకే పిల్లలు వస్తామన్నారు. కానుకలు కోడిగుడ్ల రూపంలో వస్తాయి, ఉడకబెట్టి అక్కడికక్కడే తినేస్తాం. ముఖ్య అతిథి నీల. గారెలు ఆమెవే కాబట్టి ఆమె రాందే కార్యక్రమం మొదలు కాదు. ఇక ఫ్లెక్సీ ఒక్కటే తక్కువ.

అన్నా, దాహమనే మాట మీద నలభై నిమిషాలు మాట్లాడితే వినేవాళ్లకు నిజంగానే దాహం వేస్తుంది, జర కుండ, గ్లాసులు పెట్టించు.

వేణును అనుమానించకు. ఆయనకు ఈస్టర్ ఎప్పుడో కూడా తెలియదు. వార్నిష్‌లో మునిగి కాయిళ్లు చుట్టుకుంటున్నాడు. రచనకు మాత్రం రెక్కలు కొనకు. పిల్ల బాగానే ఉంది. పాడమంటే గొంతు నొప్పి అంటోంది, అంతే.

కృప


సిరిసిల్ల,
21 మార్చి 2026

ప్రియమైన చెల్లెకు,

నీ ఉత్తరంతో కమిటీ అనుమానాలన్నీ తొలగిపోయాయి. సొంత సంఘం కాదని తేలింది. ముఖ్య అతిథి కూడా దొరికిందంటే నువ్వు మామూలు కార్యక్రమం చేయడం లేదు. నువ్వు నాతో చెప్పకుండా దాచావు గానీ, అన్నను, నాకు అర్థం కాదా?

ఇక్కడ మా ముఖ్య అతిథి చెయ్యిచ్చాడు. ఆ రోజు ఆయనకు మూడు ప్రారంభోత్సవాలట. నీల గారు వార్డు మెంబరా, బీడీ కార్మికుల సంఘం అధ్యక్షురాలా? గారెలన్నీ ఆమెవే అన్నావంటే పెద్ద చెయ్యే అయ్యుంటుంది. అందుకని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఈ ఏడు మన ఈస్టర్ కోరుట్లలో, మీ ఇంటి ముందు! రెండు డీసీఎం వ్యాన్లలో నలభై ఐదు మందిమి వస్తున్నాం. సమాధిని మూడు ముక్కలుగా కోసి తెస్తాం. మైకు సెట్టు మాదే. నువ్వు గారెల సంగతి నీల గారికి ఒక మాట చెవిలో వెయ్యి, ఇంకో నలభై ఐదు మందికి.

ఫ్లెక్సీ నిన్ననే బస్సులో పంపాను. కండక్టర్ మల్లన్న కోరుట్ల బస్టాండులో బావకు ఇస్తాడు. పన్నెండడుగులు. నీల గారి ఫొటో కోసం దుకాణం కంప్యూటర్లో నీ పాత ఫొటోలు వెతికాను. అంగన్‌వాడీ ముందు నీ పక్కన పచ్చచీరలో హుందాగా నిలబడ్డావిడే అనుకుంటా. మధ్యలో మన రచన, పోయినేటి దేవదూత డ్రెస్సులో. చూసి మురిసిపోతుంది.

రచన గొంతు కోసం ఆదివారం సంఘమంతా ప్రార్థన చేశాం. సంగీత మిరియాల కషాయం పెట్టమంది.

ఇట్లు,
దేవేందర్,
సంఘ కార్యదర్శి,
ఈస్టర్ ఉత్సవ కమిటీ కన్వీనర్,
కోరుట్ల కార్యక్రమ సమన్వయకర్త


కోరుట్ల,
26 మార్చి 2026

అన్నా,

నీ ఫ్లెక్సీ వచ్చింది. నీల పేరు పెట్టి పైన రాధ ఫొటో వేశావు. “పేరు నాది, మొకం దానిదా?” అని నీల, “నా మొకం కింద దాని పేరెందుకు?” అని రాధ, ఇద్దరూ నాతో మాట్లాడటం లేదు. అదంతా నవ్వుకునే సంగతి, నాలుగు రోజుల్లో పోతుంది. పోనిది ఇంకొకటి ఉంది.

వేణు దాన్ని వాకిట్లో పరిచాడు. రచన బడి నుంచి వచ్చి తన ఫొటో చూసింది. బ్యాగు అక్కడే పడేసి మంచం కిందికి దూరింది. అన్నానికి పిలిచినా రాలేదు. సాయంత్రం దాకా రాలేదు.

‘ఊరికే’ అని రాశాను చూడు, అది అబద్ధం. నువ్వు పెద్దవాడివి, బాధపడతావని దాచాను. ఇక దాచను.

పోయినేడు ఈస్టర్ నాడు మీ ముఖ్య అతిథి రెండు గంటల నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. ఆయన వచ్చేదాకా ప్రభువును లేపొద్దన్నారు. ప్రభువు వేషం వేసిన బాలకిషన్ థర్మాకోల్ సమాధిలో చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. మూడో రోజు లేవాల్సిన ప్రభువు, సిరిసిల్లలో మాత్రం ముఖ్య అతిథి కారు దిగాకే లేచాడు. సరే, బాలకిషన్ పెద్దవాడు. సమాధి పక్కన ఎండలో నిలబెట్టిన నా బిడ్డకు ఏడేళ్లు. నీళ్లు కావాలంది. ఒంటికి వస్తుందంది. “రెక్కలు ఊసిపోతయి, కదలకు” అన్నారు. నేను కూడా అన్నాను అన్నా. అందరి ముందు నీ మాట పోతుందని, “ఇంకొక్క అయిదు నిమిషాలు ఆగు బిడ్డా” అని నేనే నాలుగుసార్లు అన్నాను.

ఆయన కారు దిగి, డప్పులు మొదలైనప్పుడు దానికి ఆగలేదు. తెల్లటి గౌను. అందరూ నవ్వారు. అది ఏడ్చింది. ఆ ఏడుపును వీడియో తీసి, నవ్వే బొమ్మలు పెట్టి, ‘మా చిన్న దేవదూత’ అని సంఘం పేజీలో పెట్టింది నువ్వే.

నువ్వు ముద్దుగానే పెట్టావు, నాకు తెలుసు. కానీ అది కోరుట్ల దాకా వచ్చింది. బడిలో పిల్లలు దాన్ని ఏమని పిలుస్తారో రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. దాని గొంతుకు ఏ నొప్పీ లేదు. గుడికి రానంటుంది, పాడనంటుంది. ఇంట్లో అన్నం వండుతూ నేను పాట తీస్తే కూడా బయటికి పోతుంది. ఏడాది నుంచి ఇదే. నలుగురు పిల్లల మధ్య, మైకు లేకుండా, ఎవరూ చూడకుండా చేస్తే మళ్లీ ఒక్క పాటైనా పాడుతుందేమోనని నా ఆశ. నాకు ఈ ఈస్టర్ నుంచి కావలసింది అంతే.

వ్యాన్లు తేకు. సమాధి తేకు. వస్తే నువ్వొక్కడివే రా. మేనమామలాగ రా, కార్యదర్శిలాగ రాకు.

కృప


సిరిసిల్ల,
31 మార్చి 2026

నీ ఉత్తరం అందింది. వ్యాన్లు రావు.

దేవేందర్


కోరుట్ల,
2 ఏప్రిల్ 2026
(కండక్టర్ మల్లన్న చేతికి ఇచ్చి)

అన్నా,

నీ కార్డు మీద నీ పేరు కింద ఒక్క పదవి కూడా లేదు. అది చూసి భయమేసింది. కోపమొచ్చిందా? వదినను అడిగితే, “దుకాణం ముంగట ఫ్లెక్సీ ఇప్పేసిండు. నాలుగు మెతుకులు తిని లేస్తుండు. ఏమైందంటె చెప్పడు” అంది. నేను వ్యాన్లనే వద్దన్నాను, నిన్ను కాదు. శనివారం బొబ్బెర్లు నానబోస్తాను. నీ వంతు కూడా పోస్తాను.

నీల, రాధ మాట్లాడుతున్నారు. ఫ్లెక్సీ ఎవరు ఉంచుకోవాలని ఇప్పుడు కొత్త లొల్లి.

కృప


సిరిసిల్ల,
7 ఏప్రిల్ 2026

చెల్లె,

నలభై రోజులు నిండాయి గానీ నా ఉపవాసం నిండలేదు. నీ ఉత్తరం వచ్చిన రోజే సంగీత చేతిలోంచి ఫోను లాక్కుని, సంఘం పేజీలో ఆ వీడియో నేనే వెతికి నేనే తీసేశాను. తీసే ముందు ఒకసారి చూశాను. ఏడాది కింద నవ్వుకుంటూ పెట్టినవాణ్ణి, ఈసారి సగం దాకా కూడా చూడలేకపోయాను. ఫోను ముట్టాక ఉపవాసం ఫ్లెక్సీ ఎందుకని విప్పేశాను. ఇప్పుడు ఫోను చేతిలోనే ఉంది. కానీ ఈ మాటలు ఫోన్లో చెప్పడం నా వల్ల కాదు. అందుకే ఉత్తరం.

మంచి శుక్రవారం సంగతి నీకు చెప్పలేదు. నా వంతు వచ్చింది. నలభై నిమిషాల కాగితాలు జేబులోనే ఉన్నాయి. లేచి, “పోయినేడు ఈస్టర్ నాడు ఒక పిల్ల దూప అయితుందని నీళ్లడిగింది. ఒంటికి పోతనన్నది. ముఖ్య అతిథి కోసం మనం పోనియ్యలే. ఆ పిల్ల ఏడుస్తుంటె వీడియో పెట్టింది నేనే. ఎవల ఫోన్ల ఉన్నా దయచేసి తీసెయ్యుండ్రి” అని కూర్చున్నాను. రెండు నిమిషాలు కూడా కాలేదు. ఎందరు తీసేశారో తెలియదు. బయట భూమేశ్ నా భుజం మీద చెయ్యేసి, “గింత మంచి ప్రసంగం నువ్వు ఎన్నడు చెయ్యలే, ఎంత చిన్నగుందో” అన్నాడు. వాడికి నా బాధ అర్థమైందో, దాహం తీరిందో చెప్పలేను. ఇక్కడ మొన్న సమాధి భూమేశ్ ఆధ్వర్యంలోనే తెరుచుకుంది. ఎవరో ఇంకొక ముఖ్య అతిథిని పట్టుకొచ్చారట, ఆయన కూడా ఆలస్యమేనట. ప్రభువు పదకొండున్నరకు లేచాడని సంగీత చెప్పింది. కాకపోతే దేవదూతలకు ఈసారి కుర్చీలు వేశారట.

ఇక ఈస్టర్ నాడు నేనొక్కడినే మీ ఇంటికి వచ్చిన సంగతి. రచన పాట ఎత్తుకున్నప్పుడు నువ్వు వంటింటి గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చావు. నేను చూశాను. కానీ ఆ పాటకు ముందు జరిగింది నీకు తెలియదు. నువ్వు వంటింట్లో గుడాల పనిలో ఉన్నావు.

నేను రాగానే రచన తలుపు వెనక్కి పోయింది. నితిన్ గాడు వచ్చి, “మామా, నువ్వే ఏసయ్య. మంచం కిందికి పో” అన్నాడు. పోయాను. నా పొట్టకు మంచం పట్టె అడ్డం వచ్చింది, పిల్లలు నలుగురు నెట్టారు. అప్పుడు రచన మెల్లగా వచ్చి, నేను పంపిన ఆ ఫ్లెక్సీనే మంచం చుట్టూ కట్టింది. అచ్చు వైపు లోపలికి, తెల్ల వైపు బయటికి. రాయికి బదులు చాట అడ్డం పెట్టింది. “ఎప్పుడు లేవాలె బిడ్డా?” అని అడిగాను. ఆలోచించి, “ముఖ్య అతిథి ఇంకా రాలే” అంది.

నీల పక్కింట్లో గారెలు కాలుస్తోంది. నేను ఎదురుచూశాను.

చెల్లె, లోపల ఉక్క. ముక్కుకు జానెడు దూరంలో నా పేరు, దాని కింద నా మూడు పదవులు, తలకిందులుగా. పక్కనే రెక్కలు కట్టుకున్న రచన. ఆ ఫొటో నేనే ఎంచుకున్నాను, దుకాణంలో పెద్దది కూడా నేనే చేశాను. అప్పుడు ఎండ కనబడలేదు. ఇప్పుడు చూస్తే పిల్ల నవ్వడం లేదు, కాళ్లు దగ్గరికి బిగించి నిలబడింది. ఫ్లెక్సీల పనిలో ఇరవై ఏళ్ల నుంచి ఉన్నాను. మొహాలు తెల్లగా చేయడమే నేర్చుకున్నాను గానీ, చూడటం నేర్చుకోలేదు.

మీ గోడ గడియారం ఒకసారి మోగింది. అరగంటకు మళ్లీ మోగింది. బస్టాండులో రెండు చాయ్‌లు తాగి వచ్చాను. నా అవస్థ నీకు అర్థమయ్యే ఉంటుంది. నలభై ఆరేళ్లవాణ్ణి, చాట తోసేసి లేచిపోతే ఎవరాపుతారు? అయినా కదలలేదు. ఇది కావాలనే చేస్తుందా, ఆటలో మరిచిపోయిందా అని ఆలోచించాను. కావాలనే చేసినా నాకు తగిందే అనుకున్నాను.

అప్పుడు చాట కొంచెం జరిగింది. రచన బోర్లా పడుకుని లోపలికి చూసింది. ఎవరికీ వినబడకుండా అడిగింది.

“మామా, ఒంటికస్తుందా? అస్తె పోయి రా. మేం ఆగుతం. ముఖ్య అతిథి అచ్చినా ఆగుమని చెప్త.”

బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను. కళ్లెందుకు ఎర్రగున్నాయని నువ్వు అడిగితే గారెల పొగ అన్నాను. పొగ కాదు.

గ్రూపులో అందరూ కోరుట్ల ఈస్టర్ ఫొటోలు పెట్టమంటున్నారు. ఒక్కటి కూడా తీయలేదని చెప్తే ఎవరూ నమ్మడం లేదు. కానీ ఒకటి నాకు కళ్లకు కట్టినట్టుంది. నేను బాత్రూంలోంచి బయటికి వచ్చేసరికి నీల వచ్చేసింది. వేడి గారెల పళ్లెం చీర చెంగుతో పట్టుకుని నిలబడి ఉంది. రాధ నిలబడి ఉంది. పిల్లలు గుడ్లు చేతుల్లో పట్టుకుని వరసగా నిలబడ్డారు. ఎవరూ ఒక్క గారె ముట్టలేదు. నా కోసం నిజంగానే ఆగారు.

రచన మామ,
దేవేందర్